ఊరవతలి మాటలు – 23: విజ్జీ పేరుతో ట్రోఫీ ఉంది, మరి బాలూ పేరుతో?



ఐపీఎల్ వేలం వచ్చిందంటే చాలు, మునగాలలో హైవే పక్కన టీ కొట్టు దగ్గర రెండు పంచాయితీలు మొదలైతయి. ఒకటి, ఎవరు గొప్ప ఆటగాడు, ఎవరికి ఏ అవార్డు రావాలె అని. రెండోది, ఎవర్ని ఉంచుకోవాలె, ఎవర్ని వదిలెయ్యాలె అని. మన పిల్లలు రన్‌రేట్లు, ఎకానమీలు నోటికి చెప్తరు. సంతోషమే. కానీ ఈ రెండు పంచాయితీల్లో మనం అడగని ప్రశ్న ఒకటుంది. గొప్పోడని తేల్చేది ఎవరు? వదిలెయ్యమని చెప్పేది ఎవరు? ఈ భాగంలో ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు ఇద్దరు మనుషులను పక్కపక్కన నిలబెడతాను.

మొదటాయన పల్వంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టిండు. మన దిక్కు చెప్పాలంటే తోలు పని చేసే కులం. పుణెలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేసే పనికి కుదిరిండు, నెలకు నాలుగు రూపాయల జీతం. అక్కడి ఆంగ్లేయ ఆటగాళ్ళకు నెట్స్‌లో గంటల తరబడి బంతులేసిండు. అట్లా వేసీ వేసీ దేశంలోనే పేరు మోసిన ఎడమచేతి స్పిన్నర్ అయిండు. ఆ చేతి నుంచి బంతి కావాలె, ఆ చేతికి బ్యాటు మాత్రం ఇయ్యరు. తర్వాత హిందువుల జట్టు ఆయన్ని తీసుకుంది. తెల్లోళ్ళను ఓడించాలంటే బాలూ కావాలె కాబట్టి తీసుకుంది. మైదానంలో అందరూ ఒకే బంతిని ముట్టుకున్నరు. టీ విరామంలో మాత్రం మిగతావాళ్ళకు పెవిలియన్ లోపల కప్పుల్లో, బాలూకు బయట మట్టి ముంతలో. మన ఊళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినోళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1911లో భారత జట్టు ఇంగ్లండ్ పోయింది. ఆ పర్యటనలో బాలూ 114 వికెట్లు తీసిండు. వికెట్‌కు 19 పరుగులు కూడా ఇయ్యలేదు. ఆ జట్టు కెప్టెన్ ఎవరు? పాటియాలా మహారాజు. ఆయన ఆడిన మ్యాచులే కొన్ని. బాలూకు హిందువుల జట్టు కెప్టెన్సీ ఎన్నడూ ఇయ్యలేదు. 1920లో నాయకత్వం విషయంలో జరిగిన అన్యాయానికి నిరసనగా ఆయన తమ్ముళ్ళు శివరామ్, విఠల్ ఆడబోమని తప్పుకున్నరు. వాళ్ళిద్దరూ ఆ రోజుల్లో పెద్ద బ్యాటర్లే. చివరికి 1923లో విఠల్‌ను కెప్టెన్ చేసిండ్రు. అన్నకు దక్కనిది తమ్ముడికి దక్కింది, అదీ కొట్లాడితేనే.

రెండో ఆయన మన తెలుగు నేల సంస్థానం బిడ్డ. విజయనగరం మహారాజ్‌కుమార్, అందరూ విజ్జీ అంటరు. 1936లో ఇంగ్లండ్ పోయిన భారత జట్టుకు కెప్టెన్. మొత్తం కెరీర్‌లో ఆడింది ఆ మూడు టెస్టులే. కొట్టింది 33 పరుగులు, సగటు 8.25. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి, మొదటి టెస్టు కూడా ఆడకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపింది ఈయన హయాంలోనే. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం నుంచి నైట్‌హుడ్ వచ్చింది. స్వతంత్రం వచ్చినంక క్రికెట్ బోర్డు అధ్యక్షుడు అయిండు, 1958లో పద్మభూషణ్ వచ్చింది. యూనివర్సిటీ జోన్ల మధ్య జరిగే క్రికెట్ పోటీకి ఆయన పేరే పెట్టిండ్రు, విజ్జీ ట్రోఫీ అని.

33 పరుగులకు ట్రోఫీ. 114 వికెట్లకు? బోర్డు నడిపే పెద్ద టోర్నీల్లో ఒక్కదానికీ బాలూ పేరు లేదు.

మునగాల పరగణా మనుషులకు జమీందారీ అంటే ఏందో పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లా కింద మన పరగణా. 1930ల్లో ఇక్కడి రైతులు, కూలీలు జమీందారు మీద కొట్లాడిండ్రు. సాలు దున్నినోడు ఒకడు, గింజలు ఇంటికి తీసుకపోయేటోడు ఇంకొకడు. క్రికెట్ చరిత్ర కూడా ఆ లెక్కలోనే నడిచింది. రంజీ ట్రోఫీ ఒక జామ్‌సాహెబ్ పేరు. ఆయన టెస్టులాడింది ఇంగ్లండ్‌కు. దులీప్ ట్రోఫీ ఆయన సోదరుడి కొడుకు పేరు. వాళ్ళిద్దరూ గొప్ప బ్యాటర్లు, ఆ మాట కాదనను. కానీ పేర్ల జాబితా ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపిండ్రో చూడండి.

ఇక్కడ కొందరు మిత్రులు వెంటనే అంటరు, "అన్నా, ఆటలోకి కులాన్ని ఎందుకు తెస్తవు? అంకెలకు కులం లేదు కదా" అని. నేనూ అదే అంటున్న తమ్ముడూ. అంకెలే చూద్దాం. 114 పక్కన 33 పెట్టు. బాలూ కోసం మనం రాయితీ అడుగుతలేం, లెక్క అడుగుతున్నం. కెప్టెన్సీకి ఆ రోజుల్లో నడిచిన రిజర్వేషన్ మహారాజులది. దాన్ని ఎవ్వరూ రిజర్వేషన్ అని పిలవలేదు.

ఇంకో మాట కూడా దాయకుండా చెప్పాలె. 1937 ఎన్నికల్లో బాలూ కాంగ్రెస్ టికెట్ మీద బాబాసాహెబ్ అంబేడ్కర్ మీదనే పోటీ చేసి ఓడిపోయిండు. మనలో కొందరికి ఇది మింగుడుపడదు. కానీ ఆటకు ఇచ్చే గౌరవానికి రాజకీయం కొలబద్ద కాకూడదు. మన రాజకీయం ఒప్పుకున్నోడికే పేరు పెట్టాలంటే మనకూ వాళ్ళకూ తేడా ఏముంటది? బంతి వేసిన చెయ్యికి దండ వెయ్యాలె, అంతే.

గౌరవం ఎప్పుడు వస్తదన్నది కూడా ముఖ్యమే. సచిన్ టెండూల్కర్ ఆఖరి టెస్టు ముగిసిన రోజే, 2013 నవంబర్ 16న, భారతరత్న ప్రకటించిండ్రు. అంతకు రెండేళ్ళ ముందే నిబంధన మార్చి ఆటగాళ్ళకు కూడా దారి తెరిచిండ్రు. సచిన్ అర్హుడే. అదే భారతరత్న బాబాసాహెబ్‌కు 1990లో వచ్చింది, ఆయన పోయిన 34 ఏళ్ళకు. హాకీ ధ్యాన్‌చంద్‌కు ఇప్పటికీ రాలేదు. 2021లో ఖేల్‌రత్నకు ఆయన పేరు తగిలించి చేతులు దులుపుకున్నరు.

ఇక రెండో పంచాయితీకి వద్దాం. ఆటగాన్ని ఎప్పుడు వదిలెయ్యాలె?

వదిలెయ్యడమే తప్పని నేను అనను. ఆట ఒంటితో ఆడేది. వయసొస్తది, మోకాలు అరుగుతది, ఇంకో పిల్లగాడు రావాలె. తప్పు ఎక్కడంటే, ఎవరికి ఎంత టైం ఇస్తున్నమన్న దగ్గర. మన డెక్కన్ చార్జర్స్ కథే తీసుకోండి. 2009లో కప్పు గెలిచింది. 2011 వేలానికి ముందు గెలిపించిన కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌ను వదిలింది, లక్ష్మణ్‌ను వదిలింది, ఇరవై మూడేళ్ళ రోహిత్ శర్మను కూడా వదిలింది. ముంబై రోహిత్‌ను తీసుకుని, కెప్టెన్ చేసి, ఐదు కప్పులు కొట్టింది. డెక్కన్ చార్జర్స్ జట్టే 2012 తర్వాత లేకుండా పోయింది. అదే ముంబై 2023లో గుజరాత్ నుంచి హార్దిక్ పాండ్యాను ట్రేడ్‌లో తెచ్చుకుని, కెప్టెన్సీ రోహిత్ నుంచి తీసి ఆయనకిచ్చింది. ఐదు కప్పులు తెచ్చినోడికే వేలం లోకంలో భద్రత లేదు.

అయినా రోహిత్ బాగా ఆడని రోజున ఆయన తండ్రి పనిని ఎవ్వరూ ఎత్తిచూపలేదు. మన హైదరాబాద్ సిరాజ్‌కు ఏమైంది? తండ్రి ఆటో నడిపి పెంచిండు. 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొని, మరుసటి ఏడాదికి వదిలింది. బెంగళూరు తీసుకుంది. అక్కడ మొదట్లో బంతి మాట వినకపోతే, క్రికెట్ మానేసి పోయి మీ నాయనతో ఆటో నడుపుకో అన్నరట జనం. ఆ మాట సిరాజే బహిరంగంగా చెప్పిండు. బౌలర్‌ను తిట్టాలంటే బౌలింగ్‌ను తిట్టొచ్చు. తండ్రి పని దాకా ఎందుకు పోవాలె? మీ తాత చేసిన పనికే పో అని మనల్ని అన్నోళ్ళ గొంతు, ఈ గొంతు ఒక్కటే. 2024 చివర్లో బెంగళూరు కూడా వదిలింది, గుజరాత్ 12.25 కోట్లకు కొన్నది. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసి ఆరు పరుగులతో దేశాన్ని గెలిపించింది ఆ ఆటో డ్రైవర్ కొడుకే.

వందనా కటారియా సంగతి ఇంకా ఘోరం. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో మన మహిళా హాకీలో అదే మొదటి హ్యాట్రిక్. సెమీఫైనల్ ఓడిపోగానే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు పటాకులు కాల్చి, దళితులు ఎక్కువైనందుకే జట్టు ఓడిందని కులం పేరుతో తిట్టిండ్రని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత అర్జున, పద్మశ్రీ వచ్చినయి. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే వాడ బిడ్డ.

కాబట్టి ఎవర్ని ఉంచాలె, ఎవర్ని తీసెయ్యాలె అని మాట్లాడేటప్పుడు ఒక్కటి అడగండి. ఇదే తప్పు చేసిన ఇంకొకరికి ఎన్ని మ్యాచులు ఇచ్చిండ్రు? ఆ లెక్క సమానంగా ఉంటే, తీసెయ్యండి, మాకేం అభ్యంతరం లేదు.

ఈ పని ఢిల్లీ, ముంబైలలోనే కావాల్నని లేదు. మన ఊళ్ళల్లో సంక్రాంతికి కబడ్డీ, క్రికెట్ టోర్నీలు పెడతరు. కప్పు మీద ఎవరి పేరు ఉంటది? చందా ఇచ్చినోడిది, లేకుంటే లీడర్ నాయనది. ఉప్పల్ స్టేడియానికి రాజీవ్ గాంధీ పేరు, విశాఖ స్టేడియానికి వై.ఎస్. రాజశేఖరరెడ్డి పేరు పెట్టినట్టే. ఈసారి చందా మనమే వేసుకుందాం. కప్పు మీద పల్వంకర్ బాలూ పేరు రాద్దాం. ఆయన ఎవరని పిల్లలు అడుగుతరు. అప్పుడు మట్టి ముంత సంగతి, 114 వికెట్ల సంగతి రెండూ చెప్పండి.

మీ ఊరి టోర్నీ కప్పు మీద ఎవరి పేరు ఉందో కింద రాయండి. మన వాడల్లో ఆడి, పేరు లేకుండా పోయిన కబడ్డీ ఆటగాళ్ళ గురించి వచ్చే భాగంలో మాట్లాడుకుందాం.

జై భీం.