పట్టుబడిన తరువాత పెట్టిన క్లాసు

ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. పీజీ చదివే పూర్వ విద్యార్థులు ఎవరైనా అదే రాస్తారు. ప్రతి సంచికలోనూ ఆ వ్యాసం ఒకటి ఉండనే ఉంటుంది. మేము ఈసారి పోలీసులకు దొరికిన సంగతి రాస్తున్నాము. సిగ్గుపడవలసిన విషయమే. అయినా ఆ సంగతి వార్డెను గారి దగ్గర, మాకు అన్నం వడ్డించిన వంట అక్క దగ్గర దాచిపెట్టి, మీకు మాత్రం నీతులు చెప్పడం మాకు ఇష్టం లేదు.

మేము అంటే ఇద్దరం. ఇదే హాస్టల్లో మా ట్రంకు పెట్టెలు పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు ఒకేచోట ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాము. మా రెండు ఇళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేమే. మోటారు సైకిలు తోలిన మొదటి మనుషులం కూడా మేమే. మొదటి సంగతి గురించి సన్మానాలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. రెండో సంగతి గురించి ఎవరూ మాట్లాడరు.

ఒక శనివారం సాయంత్రం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తున్నాము. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మాలో ఒకరు తోలుతున్నారు, ఒకరు వెనక. శిరివెళ్ల దాటిన తరువాత రోడ్డు ఖాళీగా ఉంది. నాలుగు వరుసల రోడ్డు, నున్నగా ఉంటుంది, చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. ముందు పోతున్న ఆర్టీసీ బస్సును దాటాము. దాటిన సంతోషంలో ఇంకో లారీని దాటాము. అంత అవసరం ఏముందంటే ఏమీ లేదు. ఇంటి దగ్గర ఎవరికీ జబ్బు చేయలేదు, బస్సు తప్పిపోలేదు, పరీక్ష లేదు.

చెట్టు కింద జీపు, పక్కన మూడు కాళ్ల స్టాండు మీద ఒక యంత్రం. చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమప్పా, ఎంతలో పోతాండారో తెలుసునా?"

"అరవై సార్" అన్నాము. ఇద్దరం ఒకేసారి అన్నాము కాబట్టి అబద్ధమని ఆయనకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. యంత్రం మా వైపు తిప్పారు. 94 అని ఉంది. వెనక కూర్చున్నవాడికి హెల్మెట్ కూడా లేదు. చలానా రాశారు. ఆ డబ్బు మాకు ఒక నెల మెస్ బిల్లు. అంతటితో అయిపోయిందనుకున్నాము, కానీ సోమవారం ఉదయం పది గంటలకు కౌన్సెలింగుకు రావాలన్నారు. పోలీసులు కౌన్సెలింగు అంటే మన ఊళ్లలో ఎట్లా అనుకుంటారో మీకు తెలుసు. ఆదివారమంతా మాకు నిద్ర లేదు.

అక్కడ మాతో కలిపి పదిహేను మంది దాకా ఉన్నాము. ఇద్దరు ఆటోవాళ్లు, కూరగాయలు తోలే ఒక అన్న, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక ఉద్యోగి, మిగిలినవాళ్లంతా మా వయసు వాళ్లే. ఉద్యోగి మొదటి నుంచి చివరిదాకా సెల్‌ఫోన్ చూస్తూనే ఉన్నారు. క్లాసు చెప్పినాయన రిటైర్ కావడానికి దగ్గరలో ఉన్న పోలీసు. మొదటి అరగంట భయపెట్టే ఫోటోలు చూపించారు. నిజం చెప్పాలంటే అవి మాకు పెద్దగా ఎక్కలేదు. అటువంటివి ఫోన్లో రోజూ చూస్తున్నాము, చూసి పక్కకు తోసేస్తున్నాము. ఫోటోల వల్ల మనిషి మారతాడని మేము నమ్మము.

తరువాత ఆయన అందరినీ బయటికి తీసుకుపోయారు. వెనక ఉన్న మట్టి దారిలో సున్నం పొడితో ఒక గీత గీశారు. "ఈడ అడ్డమొచ్చిందని చూసినారు. చూసినాక బండి యాడ నిలబడతాదో మీరే పోయి నిలబడండి" అన్నారు. ఒక్కొక్కరం పోయి నిలబడ్డాము. మేము ఇరవై అంగలు నడిచి ఆగాము. ఆటో అన్న పది అంగలకే ఆగాడు. ఆయన నవ్వి, "తొంభై నాలుగు పిల్లోళ్లు యాడున్నారప్పా? నడవండి, ఇంకా నడవండి" అంటూ నూరు అంగలు నడిపించారు. అక్కడినుంచి వెనక్కి తిరిగి చూస్తే గీత దగ్గర నిలబడినవాళ్ల ముఖాలు ఆనవాలు పట్టలేకపోయాము.

ఆ రాత్రి గదిలో కూర్చొని లెక్క వేశాము. తొమ్మిదో తరగతి తమ్ముళ్లకు స్టడీ అవర్‌లో మేమే చెప్పిన చలన సూత్రాలు అవి, కొత్తవేమీ కావు. గంటకు 94 కిలోమీటర్లు అంటే సెకనుకు 26 మీటర్లు. అడ్డం ఉన్నదని కన్ను చూసి, బుద్ధికి తెలిసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను గడుస్తుంది. ఆ 26 మీటర్లూ బండి అదే వేగంతో పోతుంది. తరువాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా బ్రేకు పట్టినా ఇంకో 49 మీటర్లు పోతుంది. రెండూ కలిపితే 75 మీటర్లు. పెద్దాయన నడిపించిన నూరు అంగలు సరిగ్గా అంతే. మా బండి టైర్లు ఎట్లా ఉన్నాయో మాకు తెలుసు కాబట్టి మా లెక్క ఇంకా పెద్దదే.

ఇంకో లెక్క వేసిన తరువాత కాసేపు మాటలు రాలేదు. పరిమితి ప్రకారం 80 తో పోతున్నవాడు అదే బ్రేకుతో 57 మీటర్ల చిల్లరలో ఆగుతాడు. అదే చోట అదే అడ్డాన్ని చూసిన 94 వాడు అక్కడికి వచ్చేసరికి ఎంత వేగంలో ఉంటాడు? 14 కిలోమీటర్ల వేగం ఉంటుందని మేము అనుకున్నాము, మీరూ అదే అనుకుంటారు. కాదు. 56 కిలోమీటర్ల వేగంతో పోయి గుద్దుకుంటాడు. బ్రేకు దూరం వేగం వర్గంతో పెరుగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మేమే, రోడ్డు మీద కూడికలు తీసివేతలు చేస్తున్నాము. ఇంతకూ మాకు మిగిలేది ఎంత? నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్లనుకుంటే, 80 లో అరగంట, 94 లో ఇరవై అయిదున్నర నిమిషాలు. నాలుగున్నర నిమిషాలు. టీ చల్లారే సమయం కూడా కాదు.

పరిమితుల సంగతి కూడా ఆ రోజే తెలుసుకున్నాము. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు 100, మోటారు సైకిలుకు 80, ఆటోకు 50. మునిసిపాలిటీ రోడ్ల మీద మోటారు సైకిలుకు 60. రాష్ట్రాలు ఇంకా తగ్గించుకోవచ్చు. లైసెన్సు ఉన్న మాకు ఈ అంకెలు తెలియవు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమన్నారు, తిప్పాము, పాసయ్యాము. గట్టిగా బ్రేకు వేసి చూపించమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా అభిప్రాయం చెబుతాము. ఈ క్లాసు మంచిది, కానీ పెట్టే వేళ తప్పు. దొరికిన తరువాత పెట్టడం వల్ల అది శిక్ష అయిపోయింది. శిక్ష కాబట్టి ఇస్త్రీ చొక్కా ఆయన సెల్‌ఫోన్ చూసుకున్నారు. ప్రపంచమంతటా ఇట్లాగే ఉన్నట్టుంది. ఇంగ్లండులో ఉద్యోగం చేసే మా సీనియర్ అన్నకు ఈ సంగతి చెబితే పకపకా నవ్వి, తనకూ ఇదే గతి పట్టిందన్నాడు. అక్కడ పరిమితి కొద్దిగా దాటినవాళ్లకు వంద పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు పడతాయి. అవి వద్దనుకుంటే డబ్బు కట్టి స్పీడు క్లాసుకు పోవచ్చు. మూడేళ్లలో ఒక్కసారే ఆ అవకాశం. మనదగ్గర కూడా 2019 లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు, లైసెన్సు సస్పెండ్ అయినవాళ్లు మళ్లీ శిక్షణ పూర్తిచేస్తేనే దాన్ని తిరిగి ఇవ్వాలని రాశారు. హైదరాబాదులో తాగి దొరికినవాళ్లను గోషామహల్, బేగంపేటలలోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రాలకు ఇంటివాళ్లతో సహా పిలిపించారు. అన్నీ దొరికినవాళ్లకే! దొరకనివాడికి చెప్పేది ఎవరు?

ఇంట్లో తండ్రో మేనమామో బండి తోలేవాడైతే, పిల్లవాడికి నాలుగు మాటలు చెబుతాడు. వాన పడిన మొదటి పది నిమిషాలు రోడ్డు జారుతుందని, ముందు బ్రేకు ఒక్కటే పడితే పల్టీ కొడతామని. మా నాయనలకు ఎద్దుల సంగతి తెలుసు, బండి సంగతి తెలియదు. మేము స్నేహితుల దగ్గర అరువు బండ్ల మీద నేర్చుకున్నాము. మాకు నేర్పినవాళ్లూ అట్లా నేర్చుకున్నవాళ్లే. కాబట్టి ఈ క్లాసు అందరికంటే ముందు కావలసింది మనలాంటి హాస్టళ్లలో. అదీ పదో తరగతిలోనే, బండి చేతికి రాకముందు.

"కార్లలో నూటఇరవై మీద పోయేవాళ్లను వదిలి మనలాంటివాళ్లనే ఆపుతారు" అని మా మిత్రులు కొందరు అంటారు. మాకూ ఆ కోపం ఉండేది, ఇప్పటికీ కొంత ఉంది. బండిని ఆపినంత సులభంగా కారును ఆపరు. అయితే 2022 లెక్కలు ఒకసారి చూడండి. ఆ ఏడాది దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం అతివేగం కింద రాసినవి. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది, వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మేము ఆ వెనక కూర్చున్నవాడి లెక్కలోకి రాబోయి తప్పించుకున్నాము. మా ఇళ్లలో డిగ్రీ ఒక్కటే ఉంది. అది పోతే ఇంకొకటి లేదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. 2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వస్తూ, గూబగుండం దగ్గర శోభా నాగిరెడ్డి గారి వాహనం పల్టీ కొట్టింది. రోడ్డు మీద ఎండబోసిన వడ్ల కుప్పను తప్పించబోయి అట్లా జరిగిందని, ఆమె సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పత్రికలు రాశాయి. మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో ఆమె చనిపోయారు. ఎన్నికల్లో ఆమె పేరు అట్లాగే ఉండి, చనిపోయిన తరువాత ఆమె గెలిచారు. మేము అప్పుడు చిన్నపిల్లలం. ఊరంతా టీవీల ముందు నిలబడడం గుర్తుంది. ఊరంతా ఆ వడ్లు పోసినవాణ్ణి తిట్టడం కూడా గుర్తుంది.

మా నాయనలు కూడా అదే రోడ్డు మీద మొక్కజొన్న ఎండబోస్తారు. చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రి పైన పట్ట కప్పి, పక్కనే పడుకుంటారు. చిన్నప్పుడు సెలవులకు ఇంటికి పోతే ఆ కుప్పకు కాపలా మేమే. చీకట్లో నల్ల పట్ట, నల్ల రాళ్లు. డిమ్ లైటు వేసుకొని 94 లో వచ్చే పిల్లవాడికి అవి కనపడేసరికి లెక్క దాటిపోయి ఉంటుంది. అంటే ఒక చివర మేము, ఇంకో చివర మా నాయన! క్లాసు అయిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పాము.

"నాయనా, ఈ తూరి రోడ్డు మీద పొయ్యొద్దు."

"పొయ్యకపోతే యాడ ఎండబెట్టాలప్పా? మీ హాస్టల్ మిద్దె మీదనా?"

ఊళ్లో కళ్లాలు ఒక్కొక్కటే పోయి ఇండ్ల స్థలాలయ్యాయి. తేమ ఉంటే వ్యాపారి ధర కోస్తాడు. తారు రోడ్డు మీద రెండు ఎండల్లో ఎండేది మట్టిలో నాలుగు ఎండలు పడుతుంది. నాయన మాటకు మేము ఏం చెప్పగలం? ఊరికొక సిమెంటు కళ్లం కావాలని అర్జీ రాసి నాయన చేతికిచ్చాము, ఊళ్లోవాళ్లందరి చేత సంతకాలు పెట్టించమన్నాము. అప్పటిదాకా రాత్రిళ్లు కుప్పకు ఇరువైపులా సైకిలు వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టర్లు కట్టమన్నాము. రిఫ్లెక్టర్లు మేమే కొని పంపాము. కట్టాడని తమ్ముడు చెప్పాడు.

వార్డెను గారిని ఒక ఆదివారం అడిగాము, ఒప్పుకున్నారు. వార్షికోత్సవం తరువాత వచ్చే ఆదివారం ఉదయం హాస్టల్ వెనక మైదానంలో పదో తరగతి, ఇంటర్ తమ్ముళ్లకు ఈ క్లాసు జరుగుతుంది. క్లాసు చెప్పిన పెద్దాయనను మేము పోయి పిలిచాము. "దొరకకుండానే వస్తారా మీ పిల్లోళ్లు?" అని ఆశ్చర్యపోయారు. ఆయన కూడా హాస్టల్లో చదువుకున్నవారేనని అప్పుడే తెలిసింది. ఫోటోలు వద్దని మాత్రం మేము బతిమాలుకున్నాము. బండి ఉన్న పూర్వ విద్యార్థులు బండితో రండి, వెనక కూర్చునేవాళ్లు కూడా హెల్మెట్ తెచ్చుకోండి. సున్నం పొడి మేము తెస్తాము.