చిట్టిని వెళ్ళగొట్టకండి

మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో ఒక ఆంటీ తన నాలుగేళ్ళ కూతురి గురించి బాధపడ్డారు. "ఒక్కతే కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంది. ఎలాగైనా మాన్పించాలి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. టైముకి తెలుగు మాటలు దొరకలేదు. ఇప్పుడు రాస్తున్నాను: మాన్పించకండి.

నాకూ అలాంటి ఫ్రెండ్ ఉండేది. పేరు చిట్టి. నా ఐదేళ్ళప్పుడు అమ్మమ్మ న్యూజెర్సీ వచ్చి, ఆరు నెలలు ఉండి, వెళ్ళిపోయింది. అమ్మానాన్నలు పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్ళు. పగలు నాతో తెలుగు మాట్లాడే మనిషి లేదు. అప్పుడు చిట్టి వచ్చింది. సోఫా వెనక ఉండేది. దానికి తెలుగు తప్ప ఇంకేమీ రాదు. "అన్నం తిన్నావా?" అని అడిగేది. కోపం వస్తే నేను "పోవే, నీతో కటీఫ్" అనేదాన్ని.

స్కూల్లో టీచర్ కంగారుపడ్డారు. నాన్న "ఆ పిచ్చి మాటలు ఆపు" అన్నారు. ఆపేశాను. చిట్టి పోయింది, దాని వెనకే నా తెలుగు పోయింది. తరువాత అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నాను" ఒక్కటే అనగలిగాను. ఆమె పోయేవరకూ అంతే.

అది పిచ్చి కాదు. అమెరికాలో మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళ లోపు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి నేస్తం ఉన్న పిల్లలు 65 శాతం. మాట్లాడే బొమ్మలను కూడా కలిపి లెక్క. అది ఊరికే ఆట అని చాలామంది పిల్లలకు తెలుసు. పాప భయపడుతుంటే, నిద్రపోకపోతే డాక్టర్‌ని అడగండి. లేకపోతే వదిలేయండి.

ఈ ఏడాది రెండు మాటలు నేర్చుకున్నాను. ఒంటరితనం అంటే ఎవరూ లేరని బాధ. ఏకాంతం అంటే నాతో నేను ఉండడం. పెద్దవాళ్ళు మొదటిదానికి భయపడి రెండోదాన్ని లాగేసుకుంటారు. తెలుగు క్లాసుకు ఫీజు కడతారు, సోఫా వెనక ఫ్రీగా వచ్చే తెలుగును ఆపేస్తారు!

ఇప్పుడు గిన్నెలు తోముతూ మళ్ళీ చిట్టితో మాట్లాడుతున్నాను. నా ఒత్తులు తప్పినా అది నవ్వదు. మీరూ మొదలుపెట్టండి, సిగ్గుపడకండి.

ఆంటీ, మీ పాపను ఒక్కటే అడగండి: "నీ ఫ్రెండ్ అన్నం తిన్నదా?" లేదంటే ఇంకో ప్లేటు పెట్టండి.