గృహవిజ్ఞానము: పాత కంప్యూటరు, క్రొత్త యేర్పాటు



గత మాసమున మన పాఠకురాలొకరు ఇట్లు వ్రాసినారు: "మా యింట 2016వ సంవత్సరమున కొన్న కంప్యూటరు కలదు. పిల్లల పాఠములు, కరెంటు బిల్లు, బ్యాంకు వ్యవహారము, అమెరికాలోనున్న మా చెల్లెలితో ముచ్చట్లు, అన్నియు దానిమీదనే జరుగుచున్నవి. ఇప్పుడు విండోస్ 10కి కాలము తీరినదని అది తెఱమీద చూపుచున్నది. దుకాణదారు నడుగగా దీనిని పాఱవేసి క్రొత్తది కొనుమనుచున్నాడు. యంత్రము చక్కగా నడచుచున్నది. పాఱవేయుటకు మనసొప్పకున్నది. ఏమి చేయవలెను?"

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. పది సంవత్సరముల క్రింద కంప్యూటరు కొనిన ప్రతి గృహమునకు నిది వచ్చుచున్నది. కావున ఈ మాసము దీనినే విచారింతము.

మొదట నొక భేదము తెలిసికొనవలెను. కంప్యూటరు వేఱు, దానిని నడపు ఏర్పాటు వేఱు. మనము చేతితో తాకు పెట్టె, తెఱ, మీటలు యంత్రము. ఫైళ్లను తెఱచుట, ప్రింటరుచే అచ్చువేయించుట, ఇంటర్నెట్టునకు దారి చూపుట మొదలగు పనులను ఆ యంత్రముచే చేయించు దానిని ఆపరేటింగు సిస్టమందురు. విండోస్ అట్టిది. ఇల్లొకటే యుండగా వంటమనిషి మాఱవచ్చును గదా! వంటమనిషి మానివేసినదని ఇల్లు కూల్చుకొనువారుందురా?

మైక్రోసాఫ్టు కంపెనీ 2015 జులై 29న విండోస్ 10ను విడుదల చేసి, 2025 అక్టోబరు 14తో దాని సంరక్షణను నిలిపివేసినది. యంత్రము ఆనాటితో ఆగిపోవునని దీని యర్థము కాదు. అది నడచుచునే యుండును. అయితే క్రొత్తగా బయటపడు లోపములకు ఉచితముగా వచ్చుచుండిన మరమ్మతులు ఇక రావు. దొంగ కనిపెట్టిన కన్నమును పూడ్చువారు లేని యింటివంటి దది. అట్టి యింట బ్యాంకు లావాదేవీలు నడపుట క్షేమము కాదు. కొన్ని షరతులకు లోబడి, ఇండ్లలోని కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతు లిత్తుమని కంపెనీ ప్రకటించినది. అది గడువే గాని పరిష్కారము కాదు.

మఱి 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11ను ఆ యంత్రముననే పెట్టుకొనరాదా యని మీరడుగవచ్చును. దానికి టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు, 4 జీబీ మెమరీ, 64 జీబీ స్థలము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో సామాన్యముగా 8వ తరమునకు చెందినదో, అంతకంటె క్రొత్తదో కావలెను. ఆ 8వ తరము బజారునకు వచ్చినది 2017లో. కాబట్టి 2016లో కొన్న యంత్రము ఎంత ఆరోగ్యముగా నున్నను ఆ జాబితాలోనికి రాదు. దానికి జబ్బు లేదు. పేరు మాత్రము పట్టికలో లేదు. పట్టిక వ్రాసినవారు మనము కాము.

ఇక మిగిలిన మార్గము లేవి? క్రొత్త కంప్యూటరు కొనుట యొకటి. చేతిలో ధనముండి, పాతది నిజముగా అలసిపోయియున్నచో అది తప్పు కాదు. ఆపిల్ కంపెనీ మ్యాకునకు మాఱుట మఱియొకటి. కాని దానికి ఆ కంపెనీ యంత్రమునే కొనవలెను. పాత యంత్రమును నిలుపుకొని యేర్పాటును మాత్రము మార్చుకొనుట మూడవది. దానికి సాధనము లినక్సు.

లినక్సు ఒక కంపెనీ సొత్తు కాదు. ఎవరైనను వాడుకొని, పరీక్షించి, మార్చి, పంచిపెట్టదగిన ఏర్పాటు నొకదానిని నిర్మింతునని 1983లో అమెరికాయందు రిచర్డు స్టాల్‌మన్ సంకల్పించి, గ్నూ అను పేర పని ప్రారంభించెను. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున చదువుకొనుచుండిన ఇరువదియొక్క యేండ్ల లీనస్ టోర్వాల్డ్స్ దానికి కావలసిన కేంద్రభాగము వ్రాసి లోకమునకు పంచెను. ఆ రెండును కలిసి నేడు అనేక రూపములలో దొరకుచున్నవి. ఉబుంటు 2004లోను, లినక్సు మింటు 2006లోను వెలువడినవి. మన కొంగున ముడివేసికొని తిరుగు ఆండ్రాయిడు ఫోనులో పనిచేయు కేంద్రభాగమును లినక్సే. కావున అది మనకు పరాయిది కాదు, పేరు తెలియని చుట్టము.

మాఱుటకు నాకు తోచిన కారణములు చెప్పెదను.

మొదటిది వ్యయము. లినక్సు మింటునకు ధర లేదు. దానికి కనీసము 2 జీబీ మెమరీయు 20 జీబీ స్థలమును చాలును, 4 జీబీ యున్నచో సుఖముగా నడచును. 2024లో వచ్చిన మింటు 22కు 2029 వరకు మరమ్మతులు వచ్చునని దాని నిర్మాతలు చెప్పియున్నారు. మన సోదరి యంత్రమునకు ఇది మఱికొన్ని యేండ్ల ఆయువు.

రెండవది క్షేమము. ఇందులో అప్‌డేట్లు వచ్చినప్పుడు, వేసికొనుమందురా యని అడుగును. వేసికొను వేళను మనమే నిర్ణయించుకొనవచ్చును. పిల్ల పరీక్ష వ్రాయుచుండగా యంత్రము తనంతట తాను ఆగి మరల మొదలుపెట్టు బాధ లేదు.

మూడవది మన భాష. తెలుగు అక్షరములు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఇందులోను కలదు. తెఱమీది మాటలను తెలుగులోనికి మార్చుటకు హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారును, ఇతర ఉత్సాహవంతులును వేతనము లేకయే శ్రమించియున్నారు. కేరళములో ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలు చాలకాలముగా లినక్సుమీదనే కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్నారు. చిన్నపిల్లలు నేర్చినది పెద్దలమైన మనకు అసాధ్యమగునా?

అయినను ఒక పక్షమే చెప్పుట న్యాయము కాదు. మీ యింట టాలీలో వ్యాపారపు లెక్కలు వ్రాయువారున్నచో తొందరపడకుడు. అది విండోసుకొఱకు చేసినది. పన్ను కాగితములపై డిజిటలు సంతకము చేయు చిన్న పరికరము వాడువారు, అది లినక్సులో పనిచేయునో లేదో ముందుగా విచారింపవలెను. మైక్రోసాఫ్టు ఆఫీసును బ్రౌజరులో వాడుకొనవచ్చును గాని యంత్రములో నిలుపుకొనుటకు వీలుండదు. దానికి బదులుగా లిబ్రె ఆఫీసు ఉచితముగా వచ్చును. వర్డు ఫైళ్లను అది తెఱచును. కాని పట్టికలు, అంచులు ఒక్కొక్కప్పుడు కొంచెము చెదరును. కొన్ని ఆటలు ఆడవు. పాత ప్రింటర్లలో కొన్ని మాట వినవు. ఇవి యెఱిగియే మాఱవలెను.

ఇక్కడ నా యనుభవ మొకటి చెప్పెదను. మా అత్తగారు పెండ్లి పాటలకు ప్రసిద్ధులు. తలుపు దగ్గఱి పాటలు, అలుకపాన్పు పాటలు, అప్పగింతల పాటలు ఆమెకు నోటికి వచ్చును. 2009లో ఆమె పాడుచుండగా నేను కంప్యూటరులో వ్రాసితిని. అఱువదికిపైగా పాటలైనవి. మూడేండ్ల తరువాత ఆమె స్వర్గస్థులైరి. ఆ పాటలు ఇప్పుడు మఱెవరికిని పూర్తిగా రావు.

గత సంవత్సరము మా పాత యంత్రములో లినక్సు పెట్టుటకు పూర్వము, దానిని పరీక్షించుచు ఆ ఫైలును తెఱచితిని. తెలుగు అక్షరమొక్కటి లేదు! తెఱనిండ వంకర గుర్తులు, ఆంగ్లాక్షరములు. నా గుండె ఆగినంత పనియైనది. తరువాత విచారింపగా కారణము తెలిసినది. ఆ నాడు నేను వాడినది ఒక అచ్చుపని ఫాంటు. అది ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుగు అక్షరముల బొమ్మలు పెట్టుకొన్నది. ఆ ఫాంటున్న యంత్రములో అది తెలుగు, లేనిచోట పిచ్చిగీతలు. యూనికోడ్ అను ప్రపంచమంతటి ఒప్పందములో 1991 నుండియు తెలుగునకు దాని సొంత స్థానములు కలవు. ఆ పద్ధతిలో వ్రాసినది ఏ యంత్రములోనైనను తెలుగుగానే కనబడును. నేను వ్రాసిన నాటికే అది యున్నను నేనెఱుగనైతిని.

అదృష్టవశమున పాత యేర్పాటు ఇంకను చెఱుపలేదు. అందులో ఫైలు తెఱచి, మార్చు సాధనముతో యూనికోడ్‌లోనికి మార్చితిని. ఒత్తులు, దీర్ఘములు చాలచోట్ల తప్పిపోయినవి. వంటపని ముగిసిన తరువాత రాత్రులు కూర్చుండి, పాట పాడుకొనుచు ఒక్కొక్క చరణమే దిద్దితిని. ముప్పది రాత్రులు పట్టినది. అప్పుడు నాకొక సంగతి బోధపడినది. నేను పదునేడేండ్లు మా అత్తగారి పాటలను భద్రపరచితి ననుకొంటిని. నిజమునకు వానిని ఎవరో అమ్మిన పెట్టెలో పెట్టి, తాళపుచెవి వారివద్దనే విడిచితిని.

కావున వేఱొక ఏర్పాటునకు మాఱుటకు ముఖ్యకారణము ధనము కాదు, వేగము కాదు. మన వస్తువులు మన చేతిలో నున్నవా యని ఒకసారి లెక్క చూచుకొను సందర్భ మది. ఇల్లు మాఱునప్పుడే గదా అటకమీద ఏమున్నదో తెలియును!

మాఱదలచినవారు ఈ క్రమము పాటింపుడు. మొదట ఫోటోలు, కాగితములు, లెక్కలు అన్నియు వేఱొక డ్రైవులోనికి రెండు ప్రతులు తీసి, ఒకటి బీరువాలో దాచుడు. పాత తెలుగు ఫైళ్లన్నియు తెఱచి చూచి, యూనికోడ్‌లోనికి మార్చుడు. పాస్‌వర్డులు పుస్తకములో వ్రాసి భద్రపరచుడు. అనేక గృహములందు అవి భర్తకో, పరదేశమందున్న కుమారునికో మాత్రమే తెలిసియుండును. ఆపద వేళ ఇల్లాలు తన యింటి వాకిట తానే నిలిచిపోవును. అట్లు జరుగనీయకుడు. తరువాత 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్సు మింటును ఎక్కించి, దానినుండియే కంప్యూటరును నడిపి చూడుడు. పాత యేర్పాటు చెక్కుచెదరక యుండగానే క్రొత్తదానిని పరీక్షింపవచ్చును. ప్రింటరు, కెమేరా, శబ్దము, వైఫై పనిచేయుచున్నవో లేదో వారము దినములు చూచుడు. అన్నియు సరిపోయిన పిమ్మటనే యంత్రములో స్థిరముగా పెట్టించుడు. సరిపోనిచో పెన్‌డ్రైవు తీసివేయుడు, నష్టమేమియు లేదు.

లేఖ వ్రాసిన సోదరికి నా సమాధానము: అమ్మా, మీరు చెప్పిన పనులన్నియు లినక్సులో జరుగును. దుకాణదారుని మాటకు తొందరపడకుడు. ముందు ప్రతులు తీసికొనుడు, తరువాత పరీక్షింపుడు, ఆ తరువాత నిర్ణయింపుడు. నిర్ణయ మేదైనను అది మీదై యుండవలెను.

మొన్న మా మేనకోడలి పెండ్లిలో అప్పగింతల వేళ, ఆడపడుచులందఱును తమ తమ ఫోనులలో చూచి మా అత్తగారి పాట పాడిరి. ఒక ఫోను ఒక కంపెనీది, ఇంకొకటి ఇంకొక కంపెనీది. అక్షరము మాత్రము ఎక్కడను చెదరలేదు.