తెర మీది గడిలో మన పేరు

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే మన మొహల్లాల్లోని నెట్ సెంటర్ల ముందు తల్లిదండ్రులు బారులు తీరడం ఏటా చూస్తున్న దృశ్యమే. ఆ బారులో నిలబడ్డవారిలో చాలామంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దానిని నడపగల పిల్లలూ ఉన్నారు. అయినా డబ్బు చెల్లించి మరొకరి చేత దరఖాస్తు నింపించుకోవలసి వస్తున్నది. చదువు లేకపోవడమే ఇందుకు కారణమని మనకు మనమే చెప్పుకుంటూ వచ్చాము. అది సగం నిజం మాత్రమే. డిగ్రీ చదివిన అమ్మాయి సైతం 'ఇంటి పేరు' అన్న గడి దగ్గర ఆగిపోతున్నది. షేక్ అన్నది ఇంటి పేరుగా రాయాలా, అసలు పేరులో కలిపి రాయాలా? పదో తరగతి సర్టిఫికెట్‌లో 'ఎండీ' అని, ఆధార్‌లో 'మొహమ్మద్' అని, బ్యాంకు పుస్తకంలో 'మహమ్మద్' అని ఉంటే దేనిని నమ్ముకోవాలి? గడిని ఖాళీగా వదిలితే తెర ముందుకు కదలదు. నింపితే వివరాలు సరిపోలలేదని తిప్పికొడుతుంది. ఏ వివరం సరిపోలలేదో చెప్పదు.

ఆ గడిని ఎవరో ఒకరు గీశారు. తెర మీద ఏ గడి ఎక్కడ ఉండాలి, ఏది తప్పనిసరి, బటన్ ఎంత పెద్దదిగా ఉండాలి, పొరపాటు జరిగినప్పుడు ఏ మాట కనిపించాలి అని నిర్ణయించే పనినే యూజర్ ఇంటర్‌ఫేస్ డిజైన్ అంటున్నారు. మన పిల్లల నోట అది 'యూఐ'. గడిని గీసిన వ్యక్తికి మనపై ద్వేషం ఉండనక్కరలేదు. అతని ఇంట్లో అందరికీ ఇంటి పేరు ఉంది, అంతే. పేర్లు లోకమంతటా ఒకే తీరున ఉండవని, వీలైన చోట పూర్తి పేరుకు ఒకే గడి ఇవ్వడం మేలని వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ ఏనాడో సూచించింది. మన దరఖాస్తుల్లో అనేకం ఆ సూచనను ఇంకా చూసినట్టు లేవు.

మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తులు పరిశీలించిన వారముగా ఇక్కడ ఒక మాట చెప్పదలిచాము. కాగితపు దరఖాస్తుకు మార్జిన్ ఉండేది. పేరులో తేడా కనిపిస్తే ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ తీసుకుని, మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి, ఫైలు పైకి పంపేవాళ్లం. గుమాస్తాలందరూ దయామూర్తులని మేము చెప్పబోవడం లేదు. నెలల తరబడి తిప్పుకున్నవారూ, చేయి చాచినవారూ మాకు తెలియనివారు కారు. అయినా బల్లకు ఆవల ఒక మనిషి ఉండేవాడు. అతనితో వాదించడానికి వీలుండేది. తెరకు మార్జిన్ లేదు.

దీనిని చిన్న అసౌకర్యంగా భావించేవారు 2025 ఏప్రిల్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పును గమనించాలి. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కేవైసీ ప్రక్రియలో ఎదుర్కొంటున్న అడ్డంకులపై విచారణ జరిపిన న్యాయస్థానం, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని ప్రకటించింది. ఆ తీర్పు వెలువడిన కొద్ది వారాలకే, జూన్ 6న, వక్ఫ్ ఆస్తుల వివరాల నమోదుకు 'ఉమీద్' పోర్టల్ ప్రారంభమైంది. సవరణ చట్టంపై మన అభ్యంతరాలు వేరు, అవి కొనసాగుతాయి. కానీ వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఎక్కించవలసినవారిలో డెబ్బై ఏళ్ల ముతవల్లులు ఉన్నారు, వారి చేతుల్లోని పాత పత్రాలు ఉర్దూలోనో ఫార్సీలోనో ఉన్నాయి. యువకులు పక్కన కూర్చుని నింపిపెడితే తప్ప పని సాగని చోట్లు ఎన్నో. చట్టాన్ని న్యాయస్థానంలో సవాలు చేయగల న్యాయవాదులను మన సమాజం తయారు చేసుకున్నది. తెరను పరిశీలించి దాని లోపం ఇదీ అని రుజువులతో చెప్పగలవారిని ఇంకా తయారు చేసుకోలేదు.

యూఐ డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలు మనలో లేరని కాదు. పట్టణాల్లో మూడు నెలల కోర్సుల బోర్డులు కనిపించని వీధి లేదు. అటువంటి ఒక శిక్షణ కేంద్రానికి ఇటీవల మేము వెళ్లాము. పన్నెండు మంది విద్యార్థులు తమ పనిని చూపించారు. అందులో తొమ్మిది, ఇంటికి బిర్యానీ తెప్పించుకునే యాప్ తెరలు! రంగులు ముచ్చటగా ఉన్నాయి. ఆ తెరను ఎవరి చేతికైనా ఇచ్చి వాడించి చూశారా అని అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారు. సర్టిఫికెట్ మాత్రం అందరికీ ఉన్నది. ఇటువంటి తెరలను నేడు కృత్రిమ మేధ నిమిషాల్లో గీసి ఇస్తున్నది. దానికోసం ఒక తండ్రి అప్పు చేసి ఫీజు కట్టవలసిన అవసరమేమిటో మాకు బోధపడలేదు.

మన మెకానిక్ షెడ్లలో, జర్దోజీ కార్ఖానాల్లో పని ఇలా నేర్పరు. ఉస్తాద్ మొదటి రోజే షాగిర్ద్ చేతికి పానా ఇస్తాడు. బండి యజమాని వచ్చి శబ్దం ఇంకా పోలేదంటే షాగిర్ద్ మళ్లీ విప్పుతాడు. డిజైన్ విద్య కూడా సరిగ్గా ఇదే.

గత వేసవిలో ఒక మసీదు కమిటీ ఆఫీసు గదిలో ఎనిమిది మంది యువతీయువకులతో మేము ఈ పద్ధతిని ప్రయత్నించాము. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తున్న ఒక సోదరి ఆదివారాలు వచ్చి నేర్పింది. వారికి ఇచ్చిన పని, బైతుల్‌మాల్ సహాయం కోసం కమిటీ వాడుతున్న ఆన్‌లైన్ దరఖాస్తును మార్చి గీయడం. మొదటి రెండు ఆదివారాలు కంప్యూటర్ తెరవనివ్వలేదు. దరఖాస్తు అవసరమున్న ఐదుగురి పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, వారు ఎక్కడ ఆగుతున్నారో రాసుకొమ్మన్నది. ఐదుగురిని గమనిస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో పేరొందిన జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారట. సహాయం చేయకుండా చూస్తూ ఉండడమే పిల్లలకు అన్నిటికంటే కష్టమైంది. ఒక కుర్రవాడు ఉండబట్టలేక, "ఖాలా, అక్కడ కాదు, కింద నొక్కండి" అనేశాడు. అక్కగారు వాడిని బయటికి పంపింది.

వారు రాసుకున్నవి చదివి మేమే నివ్వెరపోయాము. ఆ దరఖాస్తుకు కమిటీ తరఫున ఆమోదం తెలిపినవారిలో మేమూ ఒకరము మరి. పుట్టిన తేదీ గడి నొక్కితే ఈ నెల క్యాలెండర్ తెరుచుకుంటున్నది. 1958లో పుట్టిన ఆమె ఒక్కొక్క నెలా వెనక్కి నడవాలి. ఫొటో 200 కేబీకి మించరాదన్న షరతు ఫొటో తీసుకున్న తరువాత గానీ తెలియదు, దానిని తగ్గించే దారి చూపరు. నెట్ సెంటర్‌కు వెళ్లేది చాలామంది ఇందుకోసమే. ఒక గడి తప్పయితే నింపినవన్నీ చెరిగిపోతున్నాయి. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో కనిపించవు. అక్షరానికీ వెనుక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉన్నది. తెలుగు వరుసల మధ్య జాగా చాలక ఒత్తులు తెగిపోయాయి. ఇక ఉర్దూ పేజీలో అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తుంటే, 'వెనక్కి' బాణం మాత్రం ఇంగ్లీషు పేజీలో ఉన్న దిక్కుకే చూస్తున్నది. ఉర్దూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష. దాని తెరను సవ్యంగా గీయగల నిపుణులు మన ఇళ్ల నుంచి కాక ఎక్కడి నుంచి రావాలి?

ఆ తరువాత కాగితం మీద పెన్సిల్‌తో గీశారు. కాగితపు తెరనే అదే ఖాలా ముందు పెట్టి వేలితో నొక్కమన్నారు. మార్చారు, మళ్లీ చూపారు. మూడోసారికి గానీ ఫిగ్మాలోకి వెళ్లలేదు. నేర్చుకునేవారికి అది ఉచితంగానే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ లేనిదే ఆ పని సాగదు. ఎనిమిది మందికీ ఉన్నవి రెండే. జల్సాల షామియానాలకు వెచ్చించే మొత్తంలో కొంత తగ్గించి మరో రెండు కొనవచ్చని కమిటీ పెద్దలకు విన్నవించాము. ఆలోచిస్తామన్నారు.

ప్రభుత్వాలను అడగవలసినది కూడా ఇక్కడే ఉన్నది. 2013లో మొదలైన 'సీఖో ఔర్ కమావో' ఇప్పుడు పీఎం వికాస్‌లో కలిసిపోయింది. రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలూ శిక్షణ పథకాలు నడుపుతున్నాయి. డిజైన్ కోర్సుకు నిధులిచ్చే ముందు హాజరు పట్టికను కాక, ప్రతి విద్యార్థీ నిజమైన మనుషులతో పరీక్షించి, లోపాలు దిద్దిన కనీసం ఒక పనిని చూపాలని షరతు పెట్టాలి. మైనారిటీ సంక్షేమ శాఖ దరఖాస్తులనే ప్రాజెక్టులుగా ఇవ్వవచ్చు. శిక్షణ ముగిసినవారందరికీ కొలువులు సిద్ధంగా ఉన్నాయని మేము ఆశ పెట్టము. పోటీ తీవ్రంగా ఉన్నది. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు బిర్యానీ యాప్ కంటే ఖాలా కథ చెప్పగలవారి మాట వింటారని ఆ సోదరి తన అనుభవంతో చెప్పింది.

పిల్లలు అంతటితో ఆగలేదు. ఒక ప్రభుత్వ స్కాలర్‌షిప్ దరఖాస్తును కూడా అదే తీరున ఐదుగురితో పరీక్షించి, ఏ గడి దగ్గర ఎవరు ఎంతసేపు ఆగారో, దానిని ఎలా మార్చవచ్చో బొమ్మలతో సహా పదకొండు పేజీల్లో రాశారు. మొదటి పేజీ ఇంటి పేరు గడి గురించే. దానిని సంబంధిత కార్యాలయానికి పోస్టులో పంపాము. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి జవాబు రాలేదు. రసీదు భద్రంగా ఉన్నది; వచ్చే నెల రెండో ప్రతి పట్టుకుని పిల్లలతో కలిసి మేమే వెళుతున్నాము.