పాత ఫిల్మ్ కెమెరాకి చౌక ఫ్లాష్.. కొనేముందు ఇవి చూడండి!

‘మామయ్య తన పెంటాక్స్ కె1000 నాకిచ్చేశాడు. వచ్చే నెల అక్క పెళ్లి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. తక్కువ బడ్జెట్‌లో ఏ ఫ్లాష్ కొనాలి?’ ఈ వారం నాకొచ్చిన ప్రశ్న ఇది.

ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక భయం పెద్దది. ఫోన్‌లో అయితే ఫొటో చీకటిగా వస్తే అప్పుడే చూసుకుని ఇంకోటి తీస్తాం. ఫిల్మ్‌లో ఆ ఛాన్స్ లేదు. రీలు కడిగించి, స్కాన్లు చేతికొచ్చాక గానీ ఏం పడిందో తెలీదు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. ఫొటో రాలేదని పెళ్లికూతుర్ని మళ్లీ పీటల మీద కూర్చోబెట్టలేం కదా!

అందుకే నా జవాబు ముందే చెప్పేస్తా. కెమెరా కంపెనీ ఫ్లాషే కొనాలని లేదు. ఖరీదైన ఆటోమేటిక్ హంగులూ అక్కర్లేదు. సింక్, వోల్టేజీ, వెలుగు లెక్క.. ఈ మూడూ తెలిస్తే వేరే కంపెనీ చౌక ఫ్లాష్‌తోనే పెళ్లంతా తీసేయొచ్చు.

ముందు కెమెరా సంగతి

కె1000 1976 నుంచి 1997 దాకా తయారైన కెమెరా. షట్టర్ అంతా మెకానికల్. బ్యాటరీ ఉన్నది లైట్ మీటర్ కోసమే. పైన ఫ్లాష్ తగిలించే హాట్ షూ మధ్యలో ఒకే ఒక్క కాంటాక్ట్ ఉంటుంది. షట్టర్ తెరుచుకోగానే ఫ్లాష్‌ని వెలిగించడం తప్ప దానికి ఇంకో పని రాదు.

ఇక్కడే మొదటి చిక్కు. ఫిల్మ్ ముందు రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటిది పక్కకి తప్పుకుంటుంది, రెండోది వెనకే వచ్చి మూసేస్తుంది. ఈ కెమెరాలో 1/60 సెకను దాకా ఫ్రేమ్ మొత్తం ఒకేసారి తెరిచి ఉంటుంది. అంతకన్నా స్పీడు పెంచారో, మొదటి తెర పూర్తిగా పోకముందే రెండోది బయల్దేరుతుంది. తెరిచి ఉన్న మేరకే ఫ్లాష్ వెలుగు పడుతుంది. ఫొటోలో అక్క ఉంటుంది, బావ నల్లటి పట్టీలో మాయం!

దీన్నే సింక్ స్పీడ్ అంటారు. కెనాన్ ఏఈ-1కీ ఇది 1/60. నికాన్ ఎఫ్‌ఎం10కి 1/125. మీ కెమెరాది ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా కెమెరాల్లో షట్టర్ డయల్ మీద ఆ అంకెను వేరే రంగులోనో, ‘ఎక్స్’ గుర్తుతోనో చూపిస్తారు. అంతకన్నా తక్కువ స్పీడు పెట్టొచ్చు, ఎక్కువ మాత్రం వద్దు.

టీటీఎల్‌కి డబ్బులు పోయొద్దు

షాపులో ‘టీటీఎల్ ఉంది సార్, అదే చూసుకుంటుంది’ అంటారు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును కెమెరా కొలిచి ఫ్లాష్‌ని ఆపేసే పద్ధతి అది. కె1000లో ఆ ఏర్పాటే లేదు. టీటీఎల్ ఉన్న ఫిల్మ్ కెమెరాల్లోనూ, ఫొటో పడుతున్నప్పుడు ఫిల్మ్ మీద నుంచి తిరిగొచ్చే వెలుగును కొలిచే పద్ధతే ఎక్కువ. ఇప్పటి డిజిటల్ కెమెరాలు ముందుగా ఒక చిన్న మెరుపు పంపి కొలుస్తాయి. ఈ రెండిటికీ భాష కలవదు. డిజిటల్ కోసం చేసిన టీటీఎల్ ఫ్లాష్ పాత కెమెరా మీద చాలాసార్లు మామూలు మాన్యువల్ ఫ్లాష్‌లాగే పనిచేస్తుంది. వాడుకోలేని దానికి ఎక్కువ డబ్బులెందుకు?

పాతదా, కొత్తదా?

సెకండ్‌హ్యాండ్‌లో వివిటార్ 283, సన్‌పాక్ లాంటి పాత ఆటో ఫ్లాష్‌లు దొరుకుతాయి. వీటి సొగసంతా ముందువైపు ఉన్న చిన్న కన్నులో ఉంది. ఫ్లాష్ మీదున్న చార్ట్‌లో ఐఎస్‌ఓ చూసి, అది చెప్పిన ఎఫ్ నంబర్ లెన్స్ మీద పెడితే చాలు. మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుగును ఆ కన్ను చూసి, సరిపోగానే ఫ్లాష్‌ని ఆపేస్తుంది. కెమెరాతో మాటామంతీ ఏం అక్కర్లేదు. చుట్టాలు అటూ ఇటూ తిరిగే పెళ్లిలో ఇది పెద్ద సాయం.

కానీ పాతవాటిలో ఒక ప్రమాదం ఉంది. వివిటార్ 283 మొదటి రకాల్లాంటి కొన్నింటి కాలి దగ్గర వందల వోల్టులు ఉంటాయి. మెకానికల్ కెమెరా దాన్ని ఓర్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న ఫిల్మ్ కెమెరా మీదో, స్నేహితుడి డిజిటల్ కెమెరా మీదో అదే ఫ్లాష్ పెడితే సర్క్యూట్ కాలిపోవచ్చు. అందుకే మల్టీమీటర్‌తో చూడాల్సిందే. మీటర్‌ని డీసీలో పెద్ద రేంజ్‌లో పెట్టి, ఫ్లాష్ ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక ఎర్ర వైరు కాలి మధ్య పిన్నుకీ, నల్ల వైరు కాలి పక్కనున్న లోహానికీ ఆనించండి. 24 వోల్టులు దాటితే నేనైతే కొనను. ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా మీటర్ ఉంటుంది, మొహమాటపడొద్దు. కానీ ఫ్లాష్‌ని మాత్రం విప్పొద్దు. సెల్స్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు నిలిచే ఉండొచ్చు.

కొత్తవాటిలో గోడాక్స్ టీటీ600, యాంగ్నువో వైఎన్560 లాంటివి మంచివే. వోల్టేజీ బెంగ లేదు. అయితే కన్ను ఉండదు. పవర్ మీరే తగ్గించాలి, పెంచాలి. ఇంకో మాట: కాసేపు వాడకపోతే ఇలాంటివి నిద్రలోకి జారుకుంటాయి. కె1000 బటన్ సగం నొక్కితే అవి మేలుకోవు. సెట్టింగ్స్‌లో స్లీప్ ఆపేయండి.

నా తీర్పు: చేత్తో పట్టుకుని పరీక్షించే వీలుంటే, వోల్టేజీ తక్కువ ఉన్న పాత ఆటో ఫ్లాష్. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనాల్సొస్తే, కొత్త మాన్యువల్ ఫ్లాష్.

గైడ్ నంబర్ మాయ

ఫ్లాష్ సత్తా చెప్పే అంకె గైడ్ నంబర్. దాన్ని దూరంతో భాగిస్తే ఎఫ్ నంబర్ వస్తుంది. ఐఎస్‌ఓ 100 దగ్గర మీటర్లలో గైడ్ నంబర్ 36 అనుకుందాం. ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ వేస్తే అది రెట్టింపై 72 అవుతుంది. మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే 72ని 3తో భాగించండి: ఎఫ్/24! అంత వెలుగు మనకి అక్కర్లేదు. పవర్ 1/8కి తగ్గిస్తే ఎఫ్/8 దగ్గర పెట్టి హాయిగా తీసుకోవచ్చు. సెల్స్ మిగులుతాయి, ఫ్లాష్ కూడా గబగబా రెడీ అవుతుంది.

డబ్బా మీద ‘60’ అని చూసి మురిసిపోకండి. టీటీ600కి చెప్పే 60 అనేది ఫ్లాష్ తలని 200 ఎంఎంకి జూమ్ చేసినప్పటి లెక్క. వైఎన్560 నాలుగో రకానికి చెప్పే 58 అయితే 105 ఎంఎం దగ్గరిది. మన 50 ఎంఎం లెన్స్‌కి తగ్గట్టు వెలుగును వెడల్పు చేస్తే ఆ అంకె బాగా పడిపోతుంది. పోల్చేటప్పుడు ఒకే జూమ్ దగ్గర పోల్చండి.

షాపులోనే చేసే పరీక్ష

కొత్త డబుల్ ఏ సెల్స్ జేబులో వేసుకెళ్లండి. సెల్స్ పెట్టే చోట పచ్చటి చిలుము ఉంటే వెంటనే పక్కన పెట్టేయండి. ఆటో మోడ్‌లో పెట్టి, దగ్గరగా తెల్ల గోడ వైపు చూపి టెస్ట్ బటన్ నొక్కండి. రెడీ లైటు దాదాపు వెంటనే రావాలి. ఇప్పుడు కన్నుని వేలితో మూసి నొక్కండి. ఫ్లాష్ మొత్తం ఖర్చయి, లైటు రావడానికి బాగా టైమ్ పట్టాలి. రెండుసార్లూ ఒకేలా ఉంటే కన్ను పోయినట్టే.

తర్వాత కెమెరా. ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తెరిచి, 1/60 పెట్టి, లెన్స్ ఎఫ్ నంబర్ చిన్నది పెట్టి, గోడ వైపు తిప్పి వెనక నుంచి చూస్తూ క్లిక్ చేయండి. నిండు దీర్ఘచతురస్రంలా వెలుగు కనిపిస్తే సింక్ బాగున్నట్టు.

పెళ్లి పందిట్లో

ఫ్లాష్ తలని పైకెత్తి కొడితే ముఖాల మీద మెత్తటి వెలుగు పడుతుంది. అయితే పైన ఉన్నది తెల్లగా, అందేంత ఎత్తులో ఉండాలి. ఎర్ర షామియానాకి కొడితే అందరి ముఖాలూ ఎర్రబడతాయి. ఫంక్షన్ హాల్ కప్పు మరీ ఎత్తు కాబట్టి వెలుగు తిరిగి రాదు. అక్కడ నేరుగా కొట్టడమే నయం.

ఆటో కన్ను కూడా మోసపోతుంది. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు ఫ్రేమ్ నిండా ఉంటే త్వరగా ఆపేసి ఫొటో డల్‌గా చేస్తుంది. అప్పుడు లెన్స్ ఒక స్టాప్ ఎక్కువ తెరవండి. కలర్ నెగెటివ్ ఫిల్మ్ వెలుగు ఎక్కువైతే సర్దుకుంటుంది, తక్కువైతే ఏడిపిస్తుంది.

సీరియల్ బల్బుల కాంతి కూడా కనిపించాలంటే 1/60కి బదులు 1/30 పెట్టి, కెమెరా కదలకుండా పట్టుకోండి. తలంబ్రాలప్పుడు మాత్రం 1/60కే తిరిగి రండి. తక్కువ పవర్‌లో ఫ్లాష్ మెరుపు 1/1000 సెకనుకన్నా తక్కువసేపే ఉంటుంది కాబట్టి బియ్యపు గింజలు గాల్లో ఆగిపోయినట్టు పడతాయి.

పెద్ద బ్రాండ్ జోలికి పోకుండా మిగిల్చిన డబ్బుతో ఒక రీలు అదనంగా కొనండి. అది పెళ్లికి కాదు. ఈ వారమే ఇంట్లో, రాత్రిపూట, నానమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి తీయడానికి. ఒక్కో ఫ్రేమ్‌కి దూరం, ఎఫ్ నంబర్, పవర్ నోట్ చేసుకోండి. కడిగించి చూస్తే మీ ఫ్లాష్ ఎలాంటిదో ఏ రివ్యూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. పైగా పెళ్లి హడావుడి మొదలవక ముందు ఇంటివాళ్లు ఎలా ఉన్నారో చూపించే 36 ఫొటోలు మీ దగ్గర మిగులుతాయి.