అర్జీల కట్ట తరిగేదెప్పుడు?

2022 ఏప్రిల్ 3 రాత్రి ఆలమూరు జనం తూర్పు గోదావరి జిల్లాలో పడుకున్నారు. మర్నాడు లేచేసరికి కోనసీమ జిల్లాలో ఉన్నారు. ఊరు అంగుళం కదల్లేదు. గౌతమి పాయ అక్కడే ఉంది, జొన్నాడ వంతెనా అక్కడే ఉంది. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, అంతే. ఆలమూరుకు జిల్లా కేంద్రం కాకినాడ పోయి అమలాపురం అయింది.

ఆఫీసుల బోర్డులు మార్చడానికి సర్కారు ఉంది, జీతాలు తీసుకునే సిబ్బంది ఉన్నారు. మరి తెలుగు వికీపీడియాలో ఉన్న ఆలమూరు పేజీని ఎవరు మార్చాలి? ఒక్క ఆలమూరేనా... రాష్ట్రంలో జిల్లా మారిన ప్రతి ఊరి పేజీ ఆ ఒక్కరోజుతో పాతబడిపోయింది. పోనీ 'తూర్పు గోదావరి' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'కోనసీమ' అని రాసేద్దామా అంటే కుదరదు. రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు గోదావరి జిల్లా ఇంకా ఉంది. ఏ ఊరు ఎటు వెళ్లిందో చూసి మరీ దిద్దాలి. ఆ పని ఒక కొలిక్కి వచ్చేలోగా, ఆగస్టులో కోనసీమకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ఖరారైంది. మళ్లీ మొదలు!

ఈ పనికి ఎవరికీ జీతం లేదు. భోంచేశాక ఓ గంట కంప్యూటరు ముందు కూర్చునే ఔత్సాహికులే చేయాలి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన దగ్గర్నుంచీ వరస ఇదే. వ్యాసాలు లక్ష దాటాయి. చేతులు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేరు 'ఓపెన్ సోర్స్' రకం. అంటే దాని లోపలి రాత అందరికీ కనిపిస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్దొచ్చు. ఫైర్‌ఫాక్స్, సినిమాలు చూసే వీఎల్‌సీ, ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అయిన లినక్స్... అన్నీ ఈ తానులోని ముక్కలే. ఆండ్రాయిడ్ ఫోను తెరమీద 'స్త్రీ' అన్న అక్షరానికి వత్తులు ఒద్దికగా కుదురుతున్నాయంటే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సరంజామా చలవే.

సరే, వత్తు కుదరలేదనుకోండి. ఎవరికి చెప్పుకోవాలి? ప్రతి ప్రాజెక్టుకూ అర్జీల పెట్టె ఒకటుంటుంది. అర్జీని 'ఇష్యూ' అనో 'బగ్' అనో అంటారు. ఎవరైనా వేయొచ్చు, రుసుము లేదు. అసలు చిక్కంతా అక్కడే! 2014 ఏప్రిల్‌లో మొజిల్లా వాళ్ల పెట్టెలో అర్జీ నెంబరు 10 లక్షలకు చేరింది. మొజిల్లాకు ఉద్యోగులున్నారు కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. ఒకరిద్దరు నడిపే ప్రాజెక్టు ఏం కావాలి?

వచ్చిన అర్జీలైనా సరిగ్గా ఉంటాయా? 'పనిచేయడం లేదు, వెంటనే బాగుచేయండి'. చాలావాటిలో ఇంతకుమించి ఉండదు. వీధి పేరు, స్తంభం నెంబరు చెప్పకుండా లైన్‌మన్‌కు 'కరెంటు లేదు' అని ఫోన్ పెట్టేసినట్టే. ఏ ఫోను, ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది... ఈ నాలుగు ముక్కలూ రాబట్టడానికే వారం పడుతుంది. ఒకే లోపాన్ని ఇరవైమంది ఇరవై పేర్లతో రాస్తారు. కొందరు అడిగేది అసలు లోపమే కాదు, వాడే విధానం తెలియక వచ్చిన సందేహం. కొందరు కొత్త సౌకర్యం కావాలంటారు. ఇవన్నీ ఒకే గోనెలో పడతాయి.

అందుకే అనుభవమున్న ప్రాజెక్టులు ముందు వడపోత పెడతాయి. పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో చూస్తుంటాం కదా... రక్తం కారుతున్నవాణ్ని లోపలికి పంపి, జలుబు చేసినవాణ్ని బల్లమీద కూర్చోబెడతారు. ఇదీ అంతే. డేటా పోయే ప్రమాదమా, దొంగలు దూరే సందా అయితే అది ముందు. ఒకే రకానివి ఒకదానికింద కలిపేస్తారు. సందేహాలను వేరే గుమ్మానికి పంపేస్తారు. ఈ గుమ్మం విషయంలో తెలుగు వికీపీడియా వాళ్లను మెచ్చుకోవాలి. అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు తమ చర్చ పేజీలో 'సహాయం కావాలి' అని ఒక మూస పెడితే చాలు, తెలిసినవాళ్లు చూసి జవాబిస్తారు. రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన వ్యాసాలను 'మొలక'లన్నారు. అర్జీల కట్టకు ఇంత ముద్దుపేరు మరో భాషలో ఉందో లేదో!

కట్ట మరీ పెరిగితే కొన్ని ప్రాజెక్టులు యంత్రాన్ని కాపలా పెడతాయి. ఇన్ని రోజులపాటు ఎవరూ పలకకపోతే ఆ అర్జీని అదే మూసేస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి, సమస్య ఉన్నచోటే ఉండగా 'పరిష్కరించడమైనది' అన్న సందేశం అందుకున్నవాళ్లకు ఆ మంట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. లోపం అలాగే ఉంటుంది, లెక్క మాత్రం తగ్గుతుంది. అలాగని ఎవరూ చదవని పదివేల అర్జీలను 'పరిశీలనలో ఉంది' అని ఏళ్లతరబడి ఉంచడమూ నిజాయతీ అనిపించుకోదు. 'ఇది మేం చేయలేం, కారణమిదీ' అని ఒక్క వాక్యం మనిషి చేత రాయించి మూయడం వీటన్నిటికన్నా మర్యాద. కాకపోతే దానికీ ఒక మనిషి కావాలి.

ఆ ఒక్క మనిషి అలసిపోతే ఎంత ముప్పో 2024లో లోకానికి తెలిసొచ్చింది. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న పనిముట్టు లినక్స్ సర్వర్లలో విస్తారంగా ఉంటుంది. దాన్ని ఫిన్లాండుకు చెందిన లాస్సె కాలిన్ ఏళ్లతరబడి దాదాపు ఒంటరిగా చూసుకున్నారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని 2022లో ఎవరెవరో ఆయన్ని నిలదీయడం మొదలెట్టారు. తనకు మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతంలేని వ్యాపకమని ఆయన బహిరంగంగానే చెప్పుకున్నారు. అప్పటికే 'జియా టాన్' పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తున్నారు. ఆ నమ్మకంతోనే తాళాలు వాళ్ల చేతికి వెళ్లాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్లో దొడ్డిదారి పెట్టేశారు! మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ సర్వర్లోకి లాగిన్ అవడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటా అని తవ్వి, మార్చి 29న బయటపెట్టబట్టి సరిపోయింది. అంతకుముందు రెండేళ్ల క్రితం నిలదీసినవాళ్లూ ఆ పన్నాగంలో భాగమేనని చాలామంది నిపుణుల అనుమానం.

గోదావరి డెల్టా రైతుకు ఈ కథ కొత్తగా అనిపించదు. కాలువలో నీళ్లు వస్తున్నంతకాలం గట్టుమీద తిరిగే లస్కరు ఎవరికీ గుర్తురాడు. లస్కర్ల ఖాళీలు నింపకపోయినా, వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పూడిక తీయకపోయినా ఆ రోజు ఏమీ అవదు. గుర్రపుడెక్క మేటవేసి శివారు చేలకు నీరందని రోజునే తెలుస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమని పంట విరామం ప్రకటించారు. వాళ్ల ఫిర్యాదుల జాబితాలో గిట్టుబాటు ధరతోపాటు మురుగు కాలువల సంగతీ ఉంది.

ఈమధ్య కట్టకు కొత్త బరువు తోడైంది. 'కర్ల్' అనే ప్రసిద్ధ ప్రాజెక్టు పెద్ద స్వీడన్ వాసి డేనియల్ స్టెన్‌బర్గ్. భద్రతా లోపం చూపిస్తే బహుమతి అన్నారు. కృత్రిమ మేధతో అల్లిన ఉత్తుత్తి ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. చూడ్డానికి పద్ధతిగానే ఉంటాయి, తీరా తవ్వితే అందులో ఏమీ ఉండదు. విసిగిపోయి 2026 జనవరి చివరతో బహుమతినే ఎత్తేశారు. తెలుగువాళ్లు ఈ తంతు ముందే చూశారు. 2009-11 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పనిముట్లతో డబ్బిచ్చి రాయించిన కృతక వ్యాసాలు తెలుగు వికీపీడియాలోకి వచ్చి చేరాయి. రాసినవాళ్లు వెళ్లిపోయారు. దిద్దే భారం ఉన్నవాళ్ల నెత్తిన పడింది.

తెలుగుకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తెరమీద వత్తు తప్పిందని కనిపెట్టగలిగేది తెలుగువాడు. దిద్దగలిగే ప్రోగ్రామరుకు తరచు తెలుగు రాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక విభజన గుర్తు చేరిస్తే ఐఫోన్లు చతికిలబడ్డాయి. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, యాపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. అంత గగ్గోలు లేని అక్షరదోషాలు వరుసలో నిలబడతాయి. అక్కడ కావలసింది ప్రోగ్రామింగ్ చదువొక్కటే కాదు. తెరను ఫొటో తీసి, 'ఇలా ఉండాలి, ఇలా వస్తోంది' అని పక్కపక్కన రాసిపెట్టే ఓపిక. ఆలమూరులో డిగ్రీ చదివే పిల్లలకైనా, రిటైరైన తెలుగు మాస్టారికైనా ఆపాటి పని చేతకాకపోదు. వేసేముందు అదే అర్జీ ఇంకెవరైనా వేశారేమో వెతికితే సగం పుణ్యం.

ఇక అన్నిటికన్నా చిత్రమైన అర్జీ ఉబుంటు వాళ్ల పెట్టెలో ఉంది. నెంబరు 1. పెట్టినవారు ఆ సంస్థ యజమాని మార్క్ షటిల్‌వర్త్, తేదీ 2004 ఆగస్టు 20. లోపం ఏమిటంటే... మార్కెట్‌లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌ది! తొమ్మిదేళ్లు పెట్టెలోనే ఉండి 2013 మే 30న 'పరిష్కారమైంది' అనిపించుకుంది. ఉబుంటు గెలిచి కాదండోయ్. ఆ లోగా జనం చేతుల్లోకి ఆండ్రాయిడ్, ఐఫోన్లు వచ్చేశాయి.