చిన్నవారి నడకే కుటుంబం నడక



ఒక మే నెలలో దివిసీమ వైపు నుండి మూడేళ్ళ బాబును రాత్రి పదకొండు గంటలకు మా పిల్లల వార్డుకు తెచ్చారు. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. నాలుక ఎండిపోయింది. పిలిస్తే సరిగా పలకడం లేదు. కుటుంబమంతా వ్యాను మాట్లాడుకుని ఒక వినోద పార్కుకు వెళ్ళి వస్తున్నారు. బిడ్డను తెల్లవారుజామున నాలుగింటికే నిద్ర లేపారు. మధ్యాహ్నం నుండి వాడు ఒంటికి వెళ్ళలేదన్న సంగతి, సెలైను పెడుతూ మేము అడిగే వరకు ఎవరికీ తట్టలేదు. "అందరూ సంతోషంగా ఉన్నారు గదమ్మా, వీడొక్కడి కోసం వెనక్కి పోదామని ఎట్లా అనేది?" అని తల్లి ఏడ్చింది. దేవుని కృపవలన బాబు కోలుకున్నాడు. కాని ఆ తల్లి మాట మాత్రం మా మనసులో ఉండిపోయింది.

పిల్లలను పార్కులకు తీసుకువెళ్ళవద్దని మేము చెప్పడం లేదు. అమ్మా నాన్నలతో ఆడుకునే రోజు పిల్లలకు మందు కంటె మేలు చేస్తుంది. మేము చెప్పేది ఒక్కటే. ప్రయాణం ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడికి అన్నది ఇంట్లో అందరికంటె చిన్నబిడ్డను చూసి నిర్ణయించాలి. ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు కలిసి ప్రయాణం చేద్దామంటే, పిల్లలు లేతవారు గనుక వారి నడకకు తగినట్టు నిదానంగా వస్తానని యాకోబు చెప్పాడు. ఆ తండ్రి పాటి వివేకం మనకూ కావాలి.

"టిక్కెట్టు డబ్బులు పోసి పూటలో తిరిగొస్తామా?" అని చాలామంది అడుగుతారు. అయిదేళ్ళలోపు బిడ్డకు ఊయల, జారుడుబల్ల, బొమ్మరైలు చాలు. విజయవాడలో బస్టాండు దగ్గరి రాజీవ్ గాంధీ పార్కులో సాయంత్రం రెండు గంటలు గడిపినా వాడికి అది పండుగే. పెద్ద పార్కు అయితే మూడు నాలుగు గంటలు మించవద్దు. పగటి నిద్ర మానిపించవద్దు. బయలుదేరే ముందు ఫోను చేసి, పార్కు తెరిచి ఉందో లేదో, చిన్నపిల్లల ఆటలు ఏవి నడుస్తున్నాయో కనుక్కోండి. జ్వరం గాని విరేచనాలు గాని ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. ఫిట్సు, ఉబ్బసం ఉన్న బిడ్డ మందులు మీ చేతిసంచిలోనే ఉండాలి.

ఆటల దగ్గర ఎత్తు కొలిచే గీత ఉంటుంది. "మావాడికి భయం లేదండీ, ఎక్కించండి" అని అక్కడి కుర్రవాళ్ళతో పోట్లాడే తండ్రులు ఉన్నారు. ఆ గీత ధైర్యాన్ని కొలవదు. అడ్డుకడ్డీ బిడ్డ ఒంటికి ఆనుతుందా, జారిపోతాడా అన్నది చెబుతుంది. నీళ్ళ ఆటలలో బిడ్డ మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. చిన్నపిల్లలు మునిగేటప్పుడు కేక వేయరు, జానెడు నీళ్ళు చాలు. భవానీ ద్వీపానికి వెళ్ళేవారు లైఫ్ జాకెట్ తొడిగిన తర్వాతనే బోటు ఎక్కండి. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయిన సంగతి కృష్ణా తీరంలో ఎవరూ మరువలేదు. గుణదల మాత ఉత్సవాల వంటి జనసమ్మర్దంలో బిడ్డ జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

తాగడానికి ఇంటి నుండి కాచి చల్లార్చిన నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు తీసుకువెళ్ళండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే మొత్తం పొడి కలపాలి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. తియ్యని డబ్బా పానీయాలకు ఓ.ఆర్.ఎస్. అనే పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దీనికోసం హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆరు నెలలలోపు బిడ్డకు నీళ్ళు వద్దు, తల్లిపాలే మరిన్నిసార్లు ఇవ్వండి. ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయవద్దు. ఒళ్ళు కాలిపోతూ మగతలోకి పోతే అది వడదెబ్బ కావచ్చు. జ్వరం మాత్రలతో అది తగ్గదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిబట్టతో ఒళ్ళంతా తుడుస్తూ, విసురుతూ 108కి ఫోను చేయండి. మగతలో ఉన్న బిడ్డకు నోట్లో ఏమీ పోయవద్దు.

చివరగా మన సంఘాలకు ఒక మనవి. మే నెలలో వీ.బీ.ఎస్. ముగియగానే పిల్లలందరినీ విహారయాత్రకు తీసుకువెళ్ళడం మనకు అలవాటు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అటువంటి ఎండలో సండేస్కూలు బిడ్డలను పగలంతా తిప్పడం ఎందుకు? మేలో పాటలు, బహుమతులు గుడిలోనే జరుపుకుందాం. యాత్రను డిసెంబరు, జనవరి సెలవులకు మార్చుకుందాం. "పిల్లలు ఎదురుచూస్తున్నారు గదా" అని టీచర్లు అనవచ్చు. పిల్లలు ఏడు నెలలు ఆగగలరు. మే నెల ఎండ మాత్రం ఎవరి కోసమూ తగ్గదు.

మీ కుటుంబంలో ఏ తల్లి అయినా "ఇక ఇంటికి పోదాం" అంటే, ఎందుకని అడగకుండా లేవండి. ఆ మాట అనడానికి ఆమె ఎంతో సంకోచించి ఉంటుంది. మీ బిడ్డలు ఆడి అలసి, మీ భుజం మీద నిద్రపోతూ క్షేమంగా ఇల్లు చేరాలని మా ప్రార్థన.